కొండ రోడ్డు బేరం

నేను చేసినంత తెలివితక్కువ బేరం మా వంశంలో ఇంతవరకు ఎవరూ చేయలేదు. ఇది సిగ్గుపడుతూ చెబుతున్న మాట కాదు. ఒంగోలు బజారులో మూడు తరాలుగా స్టీలు గిన్నెలమ్ముకుని బతికిన ఇల్లు మాది, అందులో పోటీ తక్కువేం కాదు. మా తాత ఒకసారి మూతల్లేని పాలక్యాన్లు మూడు వందలు కొన్నాడు. మా చిన్నాన్న, ఆగిపోయిన పెళ్ళి తాలూకు పళ్ళేలు, వధూవరుల పేర్లు చెక్కి ఉన్నవి, సగం ధరకి దొరికాయని ఆటో నిండా తెచ్చాడు. ఆ పేర్లున్న జంట మళ్ళీ ఎక్కడైనా దొరక్కపోతుందా అని ఆయన ఆశ. వాళ్ళిద్దర్నీ నేను దాటేశాను. నేను కొన్నది అమెరికాలో ఏడెకరాల కొండవాలు.

మేం ఉండేది ఆష్‌బర్న్‌లో. కొన్నది అక్కడికి పడమరగా రెండున్నర గంటల దూరంలో. చిన్న రేకుల కప్పు గది, ఒక బావి, వెనకంతా నేషనల్ ఫారెస్ట్. మా స్థలం పక్కనుంచి పాత కలప రోడ్డొకటి అడవిలోకి దూరి రెండు మైళ్ళు మెలికలు తిరిగి కొండ శిఖరానికి పోతుంది. శిఖరం మీద తూర్పుకి తిరిగిన బండ ఒకటుంది. అక్కడ నిలబడితే కింద లోయలూ పొలాలూ నీలంగా పరుచుకుని ఉంటాయి. మొదటిసారి ఆ బండ మీద నిలబడినప్పుడు నాకు అందం కనపడలేదు. జీపుల్లో ఎక్కి వస్తున్న తెలుగు కుటుంబాలు కనపడ్డాయి. మనిషికి ఇంత, పిల్లలకి సగం, పైన మిరపకాయ బజ్జీలు వేరే.

ఆ డబ్బు నిజానికి వంటింటిది. మా వంటింట్లో పొయ్యి మీద ఫ్యాను ఉంది కానీ అది పొగని బయటికి పంపదు. ఒక పక్కనుంచి పీల్చి ఇంకో పక్కనుంచి మా ఆవిడ మొహం మీదకే వదులుతుంది. అందుకని తాలింపు పడ్డప్పుడల్లా పొగ అలారం మోగేది. "తాలింపు వేస్తున్నానే!" అని మా ఆవిడ కేకేస్తే మా అమ్మాయి మేడ మీది నుంచి తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి అలారం కింద నిలబడి విసిరేది. పదో ఏట మొదలైన ఉద్యోగం దానికది. గోడ పగలగొట్టి గొట్టం వేయించి, గట్టు మార్చి వంటిల్లు బాగుచేయించాలని ఇద్దరి జీతాల్లోంచీ దాస్తూ వచ్చాం.

"ఒక్క రెండేళ్ళు ఆగు, ఆ కొండే నీకు వంటిల్లు కట్టిస్తుంది" అన్నాను మా ఆవిడతో.

"కొండ కట్టిస్తుందా, మీరు కట్టిస్తారా?" అంది. ఆ ప్రశ్నని నేను సరసం కింద జమకట్టాను.

అమ్మిన పెద్దాయనది పక్క స్థలమే. డెబ్బై దాటినాయన, టోపీ, ఉతికి ఉతికి తెల్లబడిన నీలం చొక్కా. తన ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చుని బేరం మొదలెట్టాడు. అరవై వేలన్నాడు. నేను నలభై అన్నాను. ఆయన కాసేపు కొండ వంక చూసి, యాభై అన్నాడు. నేను మా నాన్న నేర్పినట్టు మొహంలో ఏమీ లేకుండా చేసుకుని, మెట్లు దిగాను. అంటే అక్కడ మెట్లు లేవు కాబట్టి కారు వైపు నడిచాను. మా బజారులో కొనేవాడు మూడో మెట్టు దిగేలోపు "రండి సార్, రండి, మీ మాటే కానివ్వండి" అని వెనకనుంచి కేక వస్తుంది. ఇక్కడ రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆయన చెయ్యూపి వీడ్కోలు చెప్పి, డబ్బా తెరిచి శాండ్‌విచ్ తింటున్నాడు.

నేను కారులో కూర్చుని పది నిమిషాలు తాళాలు వెతికాను. చేతిలోనే ఉన్నాయి. తరవాత దిగి వెనక్కి వచ్చాను.

"ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు పెద్దాయన.

"నలభై రెండు" అన్నాను.

ఆయన నోట్లోది నమిలి మింగి, చేతులు తుడుచుకుని, "నలభై ఎనిమిది. అయితే సంతకం పెట్టేముందు నీకొక సంగతి చెప్పాలి. ఈ అడవిని వైల్డర్‌నెస్ చెయ్యాలని కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. అది పాసైతే ఆ రోడ్డు మూసేస్తారు. కారు పోదు, జీపు పోదు, సైకిలు కూడా పోదు. నడిచే పోవాలి. నీకు ఆ రోడ్డు కావాలనుకుంటే ఈ స్థలం కొనద్దు" అన్నాడు.

ఇంతకన్నా తేటగా ఏ మనిషీ ఏ మనిషికీ నిజం చెప్పి ఉండడు. కానీ నేను గిన్నెల కొట్టులో పెరిగాను. మా బజారులో షాపువాడు తనంతట తాను సొట్ట చూపించాడంటే అడుగున చిల్లు ఉందని అర్థం. చిన్న లోపం చెప్పి పెద్దది దాస్తాడు. పైగా ఉన్నది అడవే కదా, అడవిని మళ్ళీ అడవి చేయడానికి బిల్లెందుకు, పెద్దాయన ఎవర్ని బోల్తా కొట్టిద్దామని, అని లోపల నవ్వుకున్నాను. చివరికి నలభై అయిదుకి తెగింది.

కొసరు అడగకుండా బేరం ముగించడం మా ఇంటావంటా లేదు. గదిలో ఉన్న ఇనప పొయ్యి, పెరట్లో రేకుల షెడ్డు, ఒక ట్రక్కు కట్టెలు, ఇవి కలిపి ఇవ్వమన్నాను. కొసరంటే ఏమిటో ఆయనకి పావుగంట వివరించాల్సి వచ్చింది.

"అంటే కొన్నదానికి డబ్బిస్తావు, కొననిదానికి ఇవ్వవు. ఆ కొననిది కూడా నాదే. అంతేనా?"

"అంతే."

"ఎప్పటినుంచీ ఉంది మీకిది?"

"మా తాతల కాలం నుంచీ."

"బాగుంది" అని, నవ్వకుండా, మర్నాడే కట్టెలు తోలించాడు.

ఆ తరవాత రెండు వారాలు ఆయన దాచిన పెద్ద లోపం కోసం వెతికాను. తొమ్మిది వందల డాలర్లు పోసి బావి నీళ్ళు పరీక్ష చేయించాను, సెప్టిక్ ట్యాంకు తవ్వించి చూశాను. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. లోపం లేదని తేలాక నాకెంత గర్వం వచ్చిందంటే, ఆ ఊపులో ఆరు వేలు పెట్టి పాత జీపొకటి కొన్నాను. ఇంకా పెద్ద పొరపాటు చర్చిలో చేశాను.

మా ఇంటి దగ్గర్లోని హెర్న్‌డన్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటుంది. కోస్తా జిల్లాల వాళ్ళం ఎక్కువ. ఊళ్ళో ఈస్టర్‌కి తెల్లారకముందే గుట్ట మీదకో సమాధుల తోటకో పోయి, సూర్యుడు పొడుస్తుండగా పాడటం అందరికీ అలవాటు. ఇక్కడేమో ప్రతి ఏడూ కిరాణా షాపు వెనక పార్కింగ్ లాట్‌లో, చెత్తబండి వచ్చేలోపు పాడేసుకుని వచ్చేస్తాం. ఆ ఆదివారం ఆరాధనయ్యాక టీ దగ్గర, "వచ్చే ఈస్టర్ మా కొండ మీద. జీపులో నేనే ఎక్కిస్తాను, మోకాళ్ళ నొప్పులున్న ఆంటీలతో సహా" అనేశాను. పాస్టర్‌గారు అక్కడికక్కడే కప్పు కింద పెట్టి, ఆ కొండ కోసం, ఆ రోడ్డు కోసం, ఆ జీపు కోసం వరసగా స్తోత్రాలు చెల్లించారు. మనుషులకిచ్చిన మాటైతే వెనక్కి తీసుకోవచ్చు. ఇది పై ఆఫీసులో నమోదైపోయింది.

ఇప్పుడిక ఆ రోడ్డుని పట్టుకుని నావి మూడు వేలాడుతున్నాయి: వ్యాపారం, చర్చిలో మాట, ఇంట్లో వంటిల్లు. మూడింట్లోకీ మూడోదే బరువు. ఎందుకంటే చర్చి వాళ్ళు వారానికొకసారి అడుగుతారు, అలారం రోజుకి రెండుసార్లు మోగుతుంది.

మొదటి ఈస్టర్‌కి మంచు పడి ప్రయాణం ఆగిపోయింది. ఆ ఎండాకాలం పెద్దాయన ఫోన్ చేసి, బిల్లు గురించి జనం అభిప్రాయాలు వినడానికి కొండ కింది ఊళ్ళో ఫైర్ స్టేషన్ హాల్లో శనివారం పొద్దున మీటింగ్ పెట్టారని చెప్పాడు. "నీకు రోడ్డు మీద ఆశుంటే వచ్చి చెప్పుకో" అన్నాడు. ఈయన నాకెందుకు సాయం చేస్తున్నాడా అని అప్పుడు కూడా అనుమానపడ్డాను.

మా అమ్మాయి నాతో వచ్చింది. దాని హైస్కూల్లో గవర్నమెంట్ అనే పౌరశాస్త్రం క్లాసుకి ఏదో ఒక పబ్లిక్ మీటింగ్‌కి పోయి నోట్స్ రాసుకురావాలి. దారంతా నా వ్యూహం దానికి చెబుతూ డ్రైవ్ చేశాను.

"నాన్నా, మనకి రోడ్ కావాలి అని జస్ట్ చెప్పొచ్చు కదా?"

"పిచ్చిదానా, ఏ బిందె కోసం వచ్చామో షాపువాడికి తెలిస్తే అయిపోయాం. ముందు అక్కర్లేనివన్నీ దింపించాలి. ఇదేంటి ఇంత బరువు, అదేంటి ఇంత పల్చన అని వంకలు పెట్టాలి. లేచి పోతూ పోతూ, సరే ఆ మూల ఉన్నదెంత, అని అడగాలి. అదే మనక్కావలసింది."

"కానీ వాళ్ళు ఏం అమ్మట్లేదు."

"అందరూ అమ్ముతారమ్మా."

అది కాసేపు కిటికీలోంచి చూసి, "ఇది నేను నోట్స్‌లో రాయాలా?" అంది.

హాల్లో అరవై మంది ఉన్నారు. ముందు ఒక స్టాండు మీద పెద్ద మ్యాపు. కాంగ్రెస్ మెంబరు, అంటే ఇక్కడి ఎంపీ, ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. వైల్డర్‌నెస్‌లో కలపబోయే అడవి మ్యాపులో రెండు ముక్కలు. దక్షిణం ముక్కలో నా రోడ్డు సన్నని గీతలా ఉంది. ఉత్తరం ముక్క ఎక్కడో పన్నెండు మైళ్ళ అవతల, నేనెప్పుడూ చూడనిది. ఒక్కొక్కరికి రెండు నిమిషాలన్నారు. పేరిచ్చిన వరసలో నేను మూడోవాణ్ణి.

నేను లేచి దక్షిణం ముక్క వైపు తల కూడా తిప్పలేదు. ఉత్తరం ముక్క ముందు నిలబడి, కొట్టులో గిన్నె అటూ ఇటూ తిప్పి చూసినట్టు చూశాను. దాని పక్కనుంచి చిన్న లోయ ఒకటి కెటిల్ మూతిలా పొడుచుకొచ్చి ఉంది.

"ఈ ముక్క మరీ పెద్దది" అన్నాను. "ముఖ్యంగా ఈ మూతి. ఇదెందుకసలు? మిగతా ఆకారం బాగుంది, దీనివల్లే చెడిపోయింది. ఇది తీసేస్తే సరిహద్దు నున్నగా వస్తుంది. ఆలోచించండి."

అమ్మాయి చకచకా టైపు చేసుకుంది. "థాంక్యూ సర్. ఆ లోయ మీరు వాడుతుంటారా?"

నేను లోతైన నవ్వొకటి నవ్వాను.

"ఇంకేమైనా ఉందా? మీకు ప్రత్యేకంగా కావలసిన దారులు, రోడ్లు?"

అడిగింది. తనంతట తాను, పళ్ళెంలో పెట్టి, అందరి ముందూ అడిగింది. ఇంత తొందరగా అడిగిందంటే ఇవ్వడానికి సిద్ధంగా ఉందన్నమాట, ఇంకాస్త బిగిస్తే పైన కొసరు కూడా వస్తుంది అనుకున్నాను.

"రోడ్లా? అబ్బే, నాకు రోడ్లతో ఏం పని" అని వచ్చి కూర్చున్నాను. వాళ్ళు మళ్ళీ పిలుస్తారని నా లెక్క. మూడో మెట్టు దగ్గర.

తరవాత సైకిళ్ళ వాళ్ళు లేచారు. "తూర్పు పక్క ట్రెయిల్ మాకు కావాలి, దాన్ని వదిలేయండి" అన్నారు, అంతే. చివర్లో మా పెద్దాయన లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దక్షిణం రోడ్డులో అర మైలు లోపల మా వాళ్ళ సమాధులున్నాయి. మా చెల్లెలు నడవలేదు. ఏడాదికోసారి పువ్వులు పెట్టడానికి దాన్ని ట్రక్కులో తీసుకుపోతాను. ఆ అర మైలూ వదలండి. మిగతాది మీ ఇష్టం. అడవి చప్పుడు లేకుండా ఉంటే మా వాళ్ళకీ బాగానే ఉంటుంది."

కూర్చున్నాడు. ఇరవై సెకండ్లు కూడా పట్టలేదు. నా గుండె తరుక్కుపోయింది. మొదటి మాటలోనే తన చివరి ధర చెప్పేశాడు పాపం, ఎంత చేతకాని మనిషి అనుకున్నాను. ఆయన అడిగింది నా రోడ్డే. ఆయన వెనకే చెయ్యెత్తి, "నాక్కూడా ఆ రోడ్డే, ఇంకో ఒకటిన్నర మైలు" అంటే సరిపోయేది. నేను చెయ్యి ఎత్తలేదు. నన్ను పిలవబోతున్నారు కదా.

పిలవలేదు. కుర్చీలు మడతపెట్టేశారు.

నాలుగు నెలల తరవాత సవరించిన మ్యాపు వెబ్‌సైట్‌లో పెట్టారు. మా అమ్మాయి ల్యాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద తెరిచి చూపించింది. సైకిళ్ళ వాళ్ళ ట్రెయిల్ చుట్టూ గీత తప్పుకుని పోయింది. దక్షిణం రోడ్డులో సరిగ్గా అర మైలు, అడుగు ఎక్కువా తక్కువా లేకుండా, బయట పెట్టారు. ఆ పైన ఒకటిన్నర మైలు వైల్డర్‌నెస్. పక్కన చిన్న అక్షరాలతో ఉంది: మిగతా రోడ్డు గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

"చూశావా, ఆ పెద్దాయన..." అని మొదలెట్టాను.

"నాన్నా, ఇది చూడు" అంది. ఉత్తరం ముక్కకి మూతి లేదు. నున్నగా ఉంది. రెండు వందల చిల్లర ఎకరాల లోయ తీసేశారు. ప్రజల అభిప్రాయం మేరకు అని రాశారు.

"ప్రజలంటే నువ్వే" అంది మా అమ్మాయి. "నా నోట్స్‌లో ఉంది. ఆ ముక్క గురించి ఇంకెవరూ మాట్లాడలేదు."

అంతలో వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి, అలారం అందుకుంది. మా అమ్మాయి తువ్వాలు తీసుకుని లేచి వెళ్ళింది. దానికి కోపం వచ్చినా, వచ్చినట్టు తువ్వాలు విసురులో తప్ప తెలియలేదు.

అప్పుడు ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను. నిజంగా కావలసింది రోడ్డని, ఉత్తరం లోయ గురించి అన్నది ఊరికే అన్నానని చెప్పాను. ఫోన్ ఎత్తినాయన చాలా మర్యాదగా, "ఊరికే అన్నారా సర్?" అని అడిగాడు. బేరంలో భాగం అని నేను ఇంగ్లీషులో వివరించేకొద్దీ ఆయన మర్యాద ఇంకా పెరిగింది.

రెండో ఈస్టర్‌కి రోడ్డుకడ్డంగా చెట్టు పడింది. "బ్రదర్, కొండ ఎంతవరకు వచ్చింది?" అని చర్చిలో పలకరింపు అయిపోయింది. మోకాళ్ళ నొప్పుల ఆంటీ ఒకావిడ, "నేను పైకి పోయేలోపు మీ కొండ పైకి పోతానా బాబూ?" అని నవ్వుతూనే అడిగింది. ఆ ఏడాదే బిల్లు పాసైంది. విడిగా పాసవలేదు. ఇంకేదో పెద్ద బిల్లు, దానికీ అడవికీ సంబంధమే లేదు, దానికి చివర్లో కొసరుగా కట్టి పాస్ చేశారు. అది విన్నాక ఆ కాంగ్రెస్‌లో కనీసం ఒక్కరైనా మా బజారువాళ్ళు ఉన్నారని నమ్మకం కుదిరింది.

అర మైలు దగ్గర ఇనప గేటు పెట్టారు. గేటు పక్క బోర్డు మీద నియమాలు: మోటార్లు కూడదు, సైకిళ్ళు కూడదు, గుంపుగా వస్తే పదిమందికి మించకూడదు. మాది నలభై మంది సంఘం. ఫోన్‌లో పాస్టర్‌గారికి చదివి వినిపిస్తే ఆయన, "ఆ లెక్కన ప్రభువు కూడా శిష్యుల్ని వెంటబెట్టుకుని ఎక్కలేడు బ్రదర్" అన్నారు. తరవాత, "పోనీ కిందే పెట్టుకుందాం. కొండ కనపడితే చాలు" అన్నారు. నన్ను దేవుడి దగ్గర అలా విడిపించారు.

మూడో ఈస్టర్ మా రేకుల గది ముందు జరిగింది. ఆరున్నరకి రమ్మన్నాం. ఆరున్నరకి నేనూ మా ఇంటివాళ్ళూ, పాస్టర్‌గారూ ఉన్నాం. ఏడుకి రెండు కార్లు వచ్చాయి. ఏడున్నరకి పులావు గిన్నెలతో ఇంకో నాలుగు. ఎనిమిది దాటాక మోకాళ్ళ ఆంటీని కుర్చీతో సహా దింపారు. వచ్చిన ప్రతివాళ్ళూ "అయ్యో, సూర్యోదయం అయిపోయిందా?" అంటూనే దిగారు. అవలేదు. మాకు తూర్పున కొండ అడ్డం. సూర్యుడు దాన్నెక్కి మాకు కనపడేసరికి ఎనిమిదీ ఇరవై. అప్పటికి ఆఖరి కారు కూడా ఆగింది. వెలుగు శిఖరం మీది చెట్ల సందుల్లోంచి ఒక్కసారిగా పెరట్లోకి దిగింది, పాట ఎత్తుకున్నాం. మా సంఘం చరిత్రలో అందరూ టైముకి వచ్చిన ఆరాధన అదొక్కటే.

ఆ పాట విని పెద్దాయన కంచె దగ్గరికి వచ్చాడు. మా ఆవిడ పిలిచి పులావు, పక్కన రొయ్యల పచ్చడి వడ్డించింది. పచ్చడి మొదటి ముద్దకి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోసారి ఆయనే వేసుకున్నాడు.

అందరూ వెళ్ళాక మేం ముగ్గురం మొదటిసారి ఆ కొండ నడిచి ఎక్కాం. గేటు దాటాక చప్పుడేమీ లేదు. రోడ్డు మధ్యలో అప్పుడే గడ్డి మొలిచింది. ఒకచోట దారి మీద పడ్డ మాను కోసి ఉంది. మోటారు రంపం లోపలికి రాకూడదు కాబట్టి ఫారెస్టువాళ్ళు ఇద్దరు చెరో కొసా పట్టుకుని చేతి రంపంతో కోశారట. నేను ఆయాసపడుతూ దాని మీద కూర్చున్నాను.

మా ఆవిడ నిలబడే ఉంది. "ఏవండీ, ఒక మాట. నాకు వంటిల్లు కావాలి" అంది.

"తెలుసు కదా, ఈ కొండ మీద..."

"కొండ మీద కాదు. రెండేళ్ళ తరవాత కాదు. ఈ ఏడాది, పొగ బయటికి పోయే వంటిల్లు. ఇన్నాళ్ళూ నేను మెల్లిగా అంటే మీకు సరసంగా వినపడుతోంది. అందుకని ఇప్పుడు గట్టిగా అడుగుతున్నాను."

మా అమ్మాయి నా వంక చూసి, "నాన్నా, ఇది నోట్స్‌లో రాయనా?" అంది.

బండ దాకా ఎక్కాం. లోయలూ పొలాలూ నీలంగానే ఉన్నాయి. బజ్జీల బండి ఎక్కడ పెట్టాలని నేను అనుకున్నానో అక్కడ మా ఆవిడ చెప్పులిప్పి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ చోటు అలా కూర్చోడానికే బాగుంది.

దిగొచ్చేసరికి పెద్దాయన ట్రక్కు మీద కూర్చుని ఉన్నాడు. "నీ స్థలంలో సమాధుల వైపున్న పై మూడెకరాలు నాకు మళ్ళీ అమ్ముతావా? అక్కడ ఎవరూ ఇల్లు కట్టకుండా ఉంటే సమాధులకి మంచిది" అన్నాడు.

నా లోపల మూడు తరాల గిన్నెలు గలగలమన్నాయి. ముప్పై అనాలి. ఎందుకు కొంటున్నాడో తనే చెప్పేశాడు, పైగా సమాధుల సంగతి, ఇంకా బిగించొచ్చు. మొహంలోంచి అన్నీ తీసేసుకుంటున్నాను. ఎదురుగా మా ఆవిడ చెమట తుడుచుకుంటోంది.

"పద్దెనిమిది వేలు" అన్నాను. "వంటింటికి అంతే కావాలి."

"సరే" అన్నాడు. చెయ్యి కలిపాడు. కలిపాక, "ఇరవై రెండు దాకా ఇద్దామనుకుని వచ్చాను" అన్నాడు.

మా ఆవిడ నవ్వీ నవ్వీ ఆ ట్రక్కు తలుపు మీదే కూలబడింది. నేను కారు వైపు చూశాను. అటు నడిచి ఇప్పుడు లాభం లేదు.

"ఆగు, ఇంకొకటుంది" అన్నాడు పెద్దాయన. "కొనేది నేను కదా. నా కొసరేది?"

పచ్చడి రెండు సీసాలు అడిగాడు. ఒకటి చాలదా అన్నాను, అలవాటు ప్రాణం. మా ఆవిడ రెండిచ్చింది.

ఇక చివరి లెక్క. పెద్దాయనకి ఇచ్చింది నలభై అయిదు వేలు. ఆయన ఉచితంగా చెప్పిన నిజాన్ని నమ్మకుండా ఉండటానికి అయిన ఖర్చు, బావీ సెప్టిక్ ట్యాంకూ కలిపి, తొమ్మిది వందలు. జీపు ఆరు వేలకి కొని మూడున్నరకి అమ్మాను, పోయింది రెండున్నర. వెనక్కి వచ్చింది పద్దెనిమిది. అంటే నాలుగెకరాలకి నాకు పడింది ముప్పై వేల నాలుగు వందలు. మొదట్లోనే ఆ నాలుగెకరాలు మాత్రం అడిగి ఉంటే ఎంతకిచ్చేవాడివని ఆయన్ని అడిగాను. ఇరవై ఎనిమిది అన్నాడు, ఆలోచించకుండా. కాబట్టి నా బేరమాడే శక్తి మొత్తానికి నాకైన ఖర్చు రెండు వేల నాలుగు వందల డాలర్లు, పచ్చడి కాక. జమ పక్కన, అలారం ఆగిపోయింది. మా అమ్మాయి తువ్వాలు ఉద్యోగం పోయింది. సూర్యుడు ఎనిమిదీ ఇరవైకి వస్తున్నాడు.

ఒకటి మిగిలింది. పోయిన నెల మా అమ్మాయి, నేను ఆ ఉత్తరం లోయకి వెళ్ళాం, కెటిల్ మూతికి. సన్నటి వాగు, నీడ. మా అమ్మాయి ఒక రాయి ఎత్తితే కింద బల్లిలాంటి వేలంత సాలమాండర్, నల్లగా తడిగా మెరుస్తూ, మా వంక చూసింది. అమ్మాయి రాయిని ఎలా ఉందో అలాగే మళ్ళీ పెట్టింది. ఇంకా ఎవరూ అక్కడ చెట్టు కొట్టలేదు, రోడ్డు వేయలేదు. వెయ్యకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు. ఇంటికొచ్చి ఆ ఆఫీసుకి ఉత్తరం రాశాను: ఆ లోయ తీసెయ్యమన్నది నేనే, నాకు దాని గురించి ఏమీ తెలియదు, మళ్ళీ బిల్లు పెడితే దయచేసి కలపండి. మూడు వాక్యాలు. మా అమ్మాయి చదివి ఒక్క అక్షరం మార్చలేదు. అందిందని, పరిశీలిస్తామని అచ్చు జవాబొచ్చింది.

రెండు వందల చిల్లర ఎకరాలు. అవి నా ఖాతాలోనే ఉన్నాయి.